మీటరు చెప్పని వయసు

జీపు ఇంజిన్ వయసును కిలోమీటర్లలో చెప్పడం మైదానపు అలవాటు. కొండల్లో ఆ లెక్క చెల్లదు. విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట (ఎస్.కోట) దాకా నాలుగో గేరులో సాగిపోయే బండికీ, అక్కడి నుంచి అనంతగిరి మీదుగా అరకు ఎక్కే బండికీ మీటరులో పడే కిలోమీటరు ఒకటే. ఇంజిన్‌కు మాత్రం ఒకటి కాదు. నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతూ గంటకు 60 కి.మీ. వేగంతో పోయే బండి ఇంజిన్ ఒక్కో కిలోమీటరుకు 2,000 చుట్లు తిరుగుతుంది. అవే చుట్లతో, రెండో గేరులో, గంటకు 20 కి.మీ. చొప్పున ఘాట్ ఎక్కితే కిలోమీటరుకు 6,000 చుట్లు తిరగాలి. గంటల్లో చెప్పుకుంటే లక్ష కిలోమీటర్లంటే రహదారి మీద సుమారు 1,670 గంటల చాకిరీ, ఘాట్ మీద 5,000 గంటల చాకిరీ. ట్రాక్టరుకూ జనరేటరుకూ గంటల మీటరు పెట్టేది ఇందుకే. మన్యం జీపు చేసేది ట్రాక్టరు పని, దానికి బిగించింది కారు మీటరు. అది కూడా కేబుల్ తెగకుండా పనిచేస్తున్నప్పటి మాట.

ప్రపంచంలో ఎక్కువ దూరం నడిచిన బండ్లుగా పేరుపడ్డవి కొండ దారుల్లో తిరిగినవి కాకపోవడంలో వింతేమీ లేదు. అమెరికాలో ఇర్వ్ గార్డన్ అనే బడి పంతులు 1966లో కొన్న వోల్వో కారు 2013లో 30 లక్షల మైళ్లు దాటింది. అందులో అత్యధిక భాగం ఆగకుండా సాగిన పెద్ద రోడ్ల ప్రయాణమే. ఇంజిన్ ఒకసారి వేడెక్కి, అదే వేడిలో, అదే వేగంలో గంటల తరబడి తిరగడం దానికి విశ్రాంతితో సమానం. గ్రీసులో గ్రెగోరియోస్ సాచినిడిస్ అనే టాక్సీ డ్రైవరు 1976 నాటి మెర్సిడెస్ 240డి మీద 46 లక్షల కిలోమీటర్లు నడిపి, 2004లో ఆ కారును కంపెనీ మ్యూజియానికి ఇచ్చేశాడు. అయితే అది ఒక్క ఇంజిన్ చేసిన ప్రయాణం కాదు. ఇంజిన్లను దించి, బాగుచేయించి, మార్చి మార్చి ఎక్కించి తిప్పాడు. ఆ 240డిలో ఉన్నది ఓఎం 616 అనే డీజిల్ ఇంజిన్. దాని లైసెన్సు తీసుకున్న బజాజ్ టెంపో మన దేశంలో తయారు చేసి ట్రాక్స్ బండ్లలో పెట్టింది. గ్రీకు టాక్సీకీ మన సంత దారి ట్రాక్స్‌కీ ఉన్న చుట్టరికం అది.

బానెట్ కింద

మన జీపుల కథ 1947లో మొదలైంది. అమెరికా నుంచి విడిభాగాలుగా వచ్చిన విల్లీస్ జీపులను మహీంద్రా సంస్థ బిగించి అమ్మింది. అవి పెట్రోలు బండ్లు. డీజిల్ తర్వాత వచ్చి, వచ్చాక పెట్రోలును పూర్తిగా వెళ్లగొట్టింది. ఏజెన్సీలో సర్వీసు జీపు అనగానే గుర్తొచ్చే కమాండర్ లాంటి బండ్లలో రెండు రకాల ఇంజిన్లు ప్రసిద్ధి. ఒకటి ఫ్రెంచి ప్యూజో నుంచి తెచ్చుకున్న ఎక్స్‌డీపీ 4.90. నాలుగు సిలిండర్లు, 2,112 సీసీ. రెండోది ఎండీఐ 3200, 2,523 సీసీ. దీని బోరు మూడున్నర అంగుళాలు, స్ట్రోకు నాలుగు అంగుళాలు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ట్రాక్టర్లలో వాడిన బీడీ-154 ఇంజిన్ కొలతలు కూడా సరిగ్గా ఇవే. 1963లో మహీంద్రా ఆ కంపెనీతో కలిసి ట్రాక్టర్ల వ్యాపారం మొదలుపెట్టిన సంగతి గుర్తుంటే, జీపుకు దుక్కి దున్నే గుణం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

ఈ రెండింటి స్వభావం వేరు. ప్యూజో రకంలో డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు. హెడ్‌లో ఉన్న చిన్న గదిలో మండి, ఆ మంట కిందికి దూసుకొస్తుంది. చప్పుడు తక్కువ, పిస్టన్‌కు తగిలే దెబ్బ మెత్తన. కాని ఆ గది గోడల ద్వారా నీళ్లలోకి పోయే వేడి ఎక్కువ కాబట్టి రేడియేటరు మీద భారం పడుతుంది, అశ్రద్ధ చేస్తే హెడ్ పగులుతుంది. చలికి హీటర్ ప్లగ్గులు లేనిదే స్టార్టు కాదు. ఎండీఐలో డీజిల్ నేరుగా పిస్టన్ మీది గుంటలోకి చిమ్ముతుంది. టకటక చప్పుడు చేస్తుంది, తాగేది తక్కువ, చలికి అంతగా మొరాయించదు. నిదానంగా బరువు లాగే పనికి సరిపోయింది. ఎక్స్‌డీపీ మర్యాదస్తుడు, ఎండీఐ మొండివాడు. కొండకు మొండివాడే నప్పాడు.

రెండింటికీ ఉమ్మడిగా ఉన్న గొప్ప గుణం ఏమిటంటే బ్లాకు పోత ఇనుము. బరువెక్కువైనా అరుగుదల నిదానం, కొద్దిపాటి వేడికి వంకర తిరగదు. బోరు తీయవచ్చు, లైనరు మార్చవచ్చు, క్రాంకు మళ్లీ సాన పట్టించవచ్చు. ఇంజిన్ పాడు కాకపోవడం ఒక రకం నమ్మకం. పాడైతే బాగుచేయడానికి పనికి రావడం ఇంకో రకం. ఊరికీ ఊరికీ మధ్య వర్క్‌షాపు లేని చోట రెండో నమ్మకమే పెద్దది.

కొండ ఏం చేస్తుంది

అన్నిటికంటే ముందు బరువు. ఎనిమిది పది మందికి తయారైన బండిలో సంత రోజున లోపల, వెనక మెట్టు మీద, టాపు మీద కలిపి ఇరవై మంది దాకా ఉంటారు. వాళ్లతో పాటు పసుపు, రాజ్‌మా, మిరియాల బస్తాలు. బరువు కంటే దాన్ని లాగించే పద్ధతి ఇంజిన్‌ను ఎక్కువ నలుపుతుంది. ఎక్కుడులో గేరు తగ్గించడానికి బద్ధకించి, మూడో గేరులోనే యాక్సిలరేటరు అదిమితే ఇంజిన్ మూలుగుతుంది. చుట్లు తక్కువ, లోపలి ఒత్తిడి ఎక్కువ. క్రాంకుకూ బేరింగ్ షెల్‌కూ మధ్య ఉండే ఆయిల్ పొర పలచబడేది అప్పుడే. వేగంగా తిరిగే ఇంజిన్ కంటే మూలిగే ఇంజిన్ బేరింగులు ముందు పోతాయి. గేరు దించి, కాస్త గట్టిగా అరిపిస్తూ ఎక్కించే డ్రైవరును పక్కన కూర్చున్నవాళ్లు తిట్టుకుంటారు గాని, ఇంజిన్ దీవిస్తుంది.

తర్వాత గాలి. అరకు లోయ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. అనంతగిరి దగ్గర అంతకంటే ఎత్తు. అక్కడ గాలి విశాఖ తీరం కంటే 8 నుంచి 10 శాతం పలచన. టర్బో లేని పాత ఇంజిన్‌కు ఈ సంగతి తెలియదు. తీరంలో ఎంత డీజిల్ పోసిందో పంపు అక్కడా అంతే పోస్తుంది. కాలడానికి గాలి చాలక నల్ల పొగ వస్తుంది, పిస్టన్ రింగుల గాళ్లలో బొగ్గు పేరుకుంటుంది. శక్తి తగ్గిందని మెకానిక్ చేత పంపు ‘పెంచిస్తే’ పొగ ఇంకా చిక్కబడుతుంది, హెడ్ ఇంకా కాలుతుంది. కొండ బండికి చేయించే పనుల్లో ఇంతకంటే తెలివితక్కువది లేదు.

ఎత్తు నీళ్ల మీద కూడా పనిచేస్తుంది. 900 మీటర్ల దగ్గర మూత లేని గిన్నెలో నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. రేడియేటరు మూతకు స్ప్రింగు ఉన్నది లోపలి ఒత్తిడిని నిలబెట్టి ఆ మరుగును 115 డిగ్రీలు దాటేదాకా ఆపడానికి. గాలికొండ మలుపు దగ్గర ఆగిన ముసలి జీపును చూస్తే ఈ పాఠం కళ్ల ముందే ఉంటుంది. మూత రబ్బరు ఎప్పుడో ఊడింది. దాని బదులు నాలుగు మడతల గోనెగుడ్డ నోటికి కుక్కి, పైన బోర్లించిన మూతను తాడుతో కట్టారు. గుడ్డ అంచుల్లోంచి ఆవిరి బుసకొడుతుంటుంది. డ్రైవరు అయిదు లీటర్ల డబ్బాతో నీళ్లు పోస్తాడు. ఆ చన్నీళ్లు కాలిన హెడ్‌ను తాకిన ఆ నిమిషంలోనే గ్యాస్కెట్ ఆయుష్షు కొంత ఆవిరవుతుంది. కొత్త మూత పెద్ద ఖర్చేమీ కాదు.

వేడికి భయపడి చేసే మరో పని థర్మోస్టాట్ వాల్వు పీకేయడం. ‘వాల్వు తీసేస్తే బండి చల్లగా ఉంటుంది’ అనే మాట గ్యారేజీల్లో పాత వేదం. చల్లగా ఉండే మాట నిజమే, చెడుపు కూడా అందులోనే ఉంది. డీజిల్ ఇంజిన్ 80 డిగ్రీల పైన పనిచేయడానికి పుట్టింది. చల్లటి లైనరు గోడ మీద పొగలోని తేమ చెమ్మగా దిగి, డీజిల్‌లోని గంధకంతో కలిసి ఆమ్లమవుతుంది, గోడను తింటుంది. కాలని డీజిల్ కిందికి జారి ఆయిల్‌ను పలచన చేస్తుంది. దేశమంతటా 2017లో 50 పీపీఎం, 2020లో 10 పీపీఎం గంధకం ఉన్న డీజిల్ వచ్చాక ఆమ్లం బెడద తగ్గింది గాని, ఆయిల్ పలచబడే బాధ అలాగే ఉంది.

ధనుర్మాసపు తెల్లవారుజామున లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి జారుతుంది. ఆ చలిలో ఆయిల్ తేనెలా ఉంటుంది. సెల్ఫ్ కొట్టిన తర్వాత పైనున్న రాకర్ల దాకా అది చేరడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఆ సెకన్లు ఇనుము ఇనుముతో రాసుకునేవి. కాఫీ పండ్లు కోసే రోజులు, పర్యాటకులు పోటెత్తే రోజులు, ఈ చలి రోజులు ఒకటే కావడంతో ఏడాదిలో ఎక్కువ పని ఇంజిన్ మీద పడేది కష్టమైన స్టార్టులతోనే. స్టార్టు కాగానే గట్టిగా రేజు చేయడం చాలామందికి అలవాటు. రెండు నిమిషాలు ఊరికే తిరగనిచ్చి, తర్వాత నెమ్మదిగా కదిలిస్తే చాలు.

ఇక దుమ్ము. ఇంజిన్‌ను చంపేది ఇదే, మిగతావన్నీ గాయపరిచేవి మాత్రమే. మాఘం దాటాక మన్యపు మట్టి దారులు ఎర్రటి పిండిలా మారతాయి. ఆ పిండిలో ఇసుక రేణువులున్నాయి, ఇసుక ఇనుము కంటే గట్టిది. పాత జీపుల్లో గాలిని వడగట్టేది నూనె తొట్టి ఫిల్టరు. పీల్చిన గాలి నూనె మీదుగా పోతూ దుమ్మును అక్కడ వదిలేస్తుంది. దాన్ని నదీ తీరాన కూర్చునైనా కడుక్కోవచ్చు, కొనక్కర్లేదు. కాని గాలి జోరు తక్కువున్నప్పుడు అది సరిగా వడగట్టలేదు. ముందు బండి లేపిన దుమ్ములో నెమ్మదిగా పాకుతూ పోవడం దానికి గడ్డు పరీక్ష. తర్వాత వచ్చిన కాగితం ఫిల్టరు బాగా వడగడుతుంది గాని, దాన్ని టైరుకేసి బాది దులిపితే మడతలు చిట్లుతాయి. చిట్లిన ఫిల్టరు లేనట్టే లెక్క.

ఫిల్టరు బాగుండీ ఇంజిన్ పోయిన సందర్భాల్లో దోషి తరచూ ఒక రబ్బరు గొట్టం. ఫిల్టరు నుంచి ఇంజిన్‌కు పోయే ఆ గొట్టం మడత దగ్గర సన్నగా పగులుతుంది, బయటికి కనబడదు. గొట్టం ఊడదీసి లోపలి గోడను తెల్లగుడ్డతో తుడిస్తే తెలుస్తుంది. గుడ్డకు ఎర్రమట్టి అంటిందంటే ఆ దుమ్ము కొంతకాలంగా పిస్టన్ల మీదికి పోతున్నట్టే. ఆరు నెలలకోసారి చేయాల్సిన ఈ పరీక్షకు గుడ్డ తప్ప ఖర్చు లేదు. చేసేవాళ్లు తక్కువ.

వానాకాలంలో దుమ్ము పోయి గెడ్డలు వస్తాయి. డీజిల్ ఇంజిన్‌కు స్పార్కు ప్లగ్గులు లేవు కాబట్టి తడిసినా ఆగదు. ఆ ధైర్యమే ముంచుతుంది. గాలిని దాదాపు ఇరవయ్యో వంతుకు అదిమే పిస్టన్ మీద గ్లాసెడు నీళ్లు చేరినా, నీళ్లు అణగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. లోతు గెడ్డ దాటే ముందు ఫ్యాను బెల్టు వదులు చేయడం పాత డ్రైవర్ల పద్ధతి. ఫ్యాను నీళ్లను ఇంజిన్ మీదికి చిమ్మదు, రెక్కలు వంగి రేడియేటరుకు తగలవు. దాటాక యాక్సిల్ హౌసింగు ఆయిల్ కొద్దిగా విప్పి చూసి, పాలలా తెల్లబడితే మార్చేస్తారు. డబ్బాల్లో తెచ్చుకున్న డీజిల్‌తోనూ నీళ్లు వస్తాయి. డీజిల్ ఫిల్టరు అడుగున ఉన్న చిన్న బోల్టును వారానికోసారి వదులు చేసి నీటి చుక్కను దించేస్తే పంపు, నాజిళ్లు బతుకుతాయి. కిరసనాయిలు కలిపిన డీజిల్ వాటికి విషం. పంపు లోపలి భాగాలకు ఆ డీజిలే నూనె, కిరసనాయిలుకు ఆ జిడ్డు లేదు.

ముందే చెప్పే గుర్తులు

ఇలాంటి ఇంజిన్ ఒక్కరోజులో చచ్చిపోదు, చాలాకాలం ముందు నుంచే చెబుతూ ఉంటుంది. బరువు లాగేటప్పుడు నల్ల పొగ వస్తే గాలి తక్కువో, డీజిల్ ఎక్కువో. పొద్దుటి తెల్ల పొగ వేడెక్కాక పోతే నాజిలో హీటర్ ప్లగ్గో, వేడెక్కాకా పోకపోతే నీళ్లు లోపలికి వస్తున్నట్టు. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. దిగుడంతా గేరు మీద దిగి, కింద మళ్లీ యాక్సిలరేటరు తొక్కగానే ఒక్కసారి నీలంగా చిమ్మితే వాల్వు గైడ్ల నుంచి ఆయిల్ దిగుతోంది. ఎక్కుడంతా నీలంగానే ఉంటే రింగులు, లైనర్లు పని అయిపోయాయి.

ఇంజిన్ తిరుగుతుండగా పైన ఆయిల్ పోసే మూత తిప్పి, అక్కడే బోర్లించి పెట్టడం మెకానిక్‌ల మొదటి పరీక్ష. మూత కొద్దిగా వణికితే పర్వాలేదు. గంతులేసి కింద పడితే మంట గాలి రింగుల పక్కనుంచి కిందికి తన్నుతోందని అర్థం. అలాంటి ఇంజిన్ చివరి దశలో తన ఆయిల్‌ను తానే పీల్చి, డీజిల్ ఆపినా ఆగకుండా అరుస్తూ తిరుగుతుంది. అప్పుడు గాలి మార్గాన్ని మూసేయడమో, పై గేరు వేసి, బ్రేకు తొక్కి క్లచ్ వదలడమో తప్ప దారి లేదు.

అన్నిటికంటే నమ్మకమైన గుర్తు ఒక నోటుపుస్తకం. వారానికి ఎంత ఆయిల్ కలిపారో రాసుకుంటే చాలు. నెలకు అర లీటరు తాగే ఇంజిన్ పదేళ్లు అలాగే తాగవచ్చు. అర లీటరు నుంచి రెండు లీటర్లకు ఒక్క సీజనులో ఎగబాకిందంటే దుమ్ము దారి ఎక్కడో తెరుచుకుంది. ఆయిల్ మార్చే లెక్క కూడా కిలోమీటర్లలో కాకుండా గంటల్లో వేసుకోవాలి. మైదానంలో 10,000 కిలోమీటర్లు ఆగగల ఆయిల్ ఘాట్ మీద 3,000కే అంత పని చేసేసి ఉంటుంది.

కొత్తదా, మళ్లీ పాతదా

కామన్ రైల్ ఇంజిన్లు వచ్చాక, కొత్త బండి కొనాలా, పాత ఇంజిన్‌నే బాగుచేయించాలా అనే ప్రశ్న చిక్కుబడింది. శక్తి, మైలేజీ, పొగ, చప్పుడు ఏ విధంగా చూసినా కొత్తదే మెరుగు. టర్బో ఉంది కాబట్టి ఎత్తులో గాలి చాలని బాధ కూడా దాదాపు లేదు. కాని పాత నాజిల్ 120, 200 బార్ల మధ్య పనిచేస్తే ఇది 1,600 బార్ల దగ్గర పనిచేస్తుంది. డబ్బాలో వచ్చిన నీటి చుక్కను పాతది సహించినట్టు ఇది సహించదు. బీఎస్-6 డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంది. అందులో చేరిన మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఒకే తీరున వేడిగా పరుగెత్తాలి. బొర్రా దగ్గర నుంచి కటికి జలపాతం దాకా పర్యాటకులను దించి మళ్లీ వచ్చే బండికి రోజంతా తిరిగినా అలాంటి పరుగు దొరకదు. దానికి అప్పుడప్పుడు ఎస్.కోట దాకా దిగి, మైదానంలో ఒక అరగంట తిప్పుకు రావడమే మందు.

చట్టం వైపు నుంచి చూస్తే, రవాణా బండికి ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ కావాలి. పదిహేనేళ్లు నిండిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి చెల్లదు. ఇంజిన్ ఎంత బాగున్నా ఛాసిస్ తుప్పు, బ్రేకులు, పొగ పరీక్ష అడ్డం పడతాయి, పడాలి కూడా. ఘాట్ మీద ఆగలేని బండికి నడిచే ఇంజిన్ ఉండటం ప్రమాదమే. కాబట్టి ఇంజిన్ పనికి డబ్బు పెట్టే ముందు చూడాల్సింది ఛాసిస్‌ను.

ఛాసిస్ నిలిచింది అనుకుంటే, ఇంజిన్ దిగి విశాఖ ఆటోనగర్‌కో, విజయవాడకో పోతుంది. హెడ్ ఎత్తగానే అనుభవమున్న మెకానిక్ గేజీ కంటే ముందు గోరు వాడతాడు. లైనరు గోడ మీద కింది నుంచి పైకి బొటనవేలి గోరు జరుపుతాడు. పై రింగు ఆగే చోట గోరు ఒక మెట్టుకు తట్టుకుని ఆగితే, దాని కింద గోడ అంత అరిగిందని లెక్క. అరిగిన లైనరులో కొత్త రింగులు మాత్రమే వేసి పంపడం కక్కుర్తి పని. కొత్త రింగు అంచు పదును మీద ఉంటుంది, వెళ్లి ఆ మెట్టుకు కొట్టుకుని విరుగుతుంది. విరిగిన ముక్క మిగతాది చూసుకుంటుంది. క్రాంకును కొలిచి పది థౌ, ఇరవై థౌ తగ్గించి సాన పట్టి, ఆ సైజు షెల్స్ వేస్తారు. హెడ్‌కు పగుళ్లు చూసి, ఫేసు తీసి, వాల్వులు నూరతారు. పంపు, నాజిళ్లు విడిగా బెంచి ఎక్కుతాయి. అన్నీ చేసి అవి మాత్రం చేయించకపోతే, చెడ్డ నాజిల్ ధార కొత్త పిస్టన్‌కు చిల్లు పెడుతుంది. రేడియేటరు విప్పి కడిగించకపోవడం, పగిలిన ఆ రబ్బరు గొట్టాన్నే మళ్లీ బిగించడం ఇంకో రెండు మామూలు పొరపాట్లు. ఇంజిన్ ఎందుకు పోయిందో ఆ కారణాన్ని బండిలోనే ఉంచి ఇంజిన్‌ను మాత్రం కొత్తది చేయడం అవుతుంది.

బిగించాక ఇంజిన్‌ను గంటల తరబడి ఊరికే తిప్పి ‘సెట్’ చేస్తారు కొందరు. రింగులు గోడకు కుదురుకునేది లోపలి ఒత్తిడితో. ఊరికే తిరిగితే ఆ ఒత్తిడి ఉండదు, గోడ నున్నగా గాజులా మారి ఆయిల్ తాగడం మొదటి రోజు నుంచే మొదలవుతుంది. ఆటోనగర్ నుంచి ఎస్.కోట దాకా ఉన్న మైదానం ఇందుకు కుదిరినట్టే ఉంటుంది. వేగం పెంచుతూ తగ్గిస్తూ, ఓ మోస్తరు బరువు మీద నడిపితే చాలా పని అక్కడే అవుతుంది. ఘాట్ మొదలయ్యే చోట ఒకసారి ఆపి ఆయిల్, నీళ్లు చూసి, ఖాళీ బండితో, చిన్న గేరులో, మూలగనివ్వకుండా పైకి తీసుకుపోవాలి. మొదటి 500 కిలోమీటర్లకు ఆయిల్ దించితే అందులో సన్నటి ఇనుప మెరుపు కనబడుతుంది, అది సహజం. రెండోసారి దించినప్పుడు ఆ మెరుపు ఉండకూడదు. సంత సరుకు ఎక్కించేది ఆ రెండో ఆయిల్ తర్వాతే.